ఆ ఆదివారం పరీక్షలో నేను విన్నది

మా బావగారి చెవులు బాగానే ఉన్నాయి. అప్పుడూ బాగానే ఉన్నాయి, ఇప్పుడూ బాగానే ఉన్నాయి. ఈ ఒక్క మాట రాయడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. తాడేపల్లిగూడెంలో ఆయన పక్కన కూర్చుని భజనలు చేసినవాళ్ళు, ఆ ఆదివారం ఏలూరులో మా ఇంటికొచ్చి భోజనం చేసి వెళ్ళినవాళ్ళు, రెండు వైపుల బంధువులు, అందరూ ఆయనకి చెవులు పోయాయనే అనుకుంటున్నారు. వాళ్ళని అలా నమ్మించింది నేను. ముందు అబద్ధం చెప్పి నమ్మించలేదు. ఒక పరీక్షలో జవాబులన్నీ సరిగ్గా చెప్పి నమ్మించాను. అబద్ధం ఆ తరువాత వచ్చింది.

బావగారంటే మా అక్క భర్త. తాడేపల్లిగూడెంలో ఒక రైస్‌మిల్లులో గుమాస్తాగా చేరి, మేనేజరై, అక్కడే రిటైరయ్యారు. వాళ్ళ నాన్నగారు అర్చకులు. ఆ గుళ్ళోనే చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నారు. తనది కచేరీలు చేసే విద్య కాదని ఆయనే అనేవారు. కానీ శనివారం సాయంత్రం రామాలయంలో భజనకి ఆయన వచ్చి కూర్చుని, ఎడమవైపు మూతకి తడిపిన రవ్వముద్ద అద్ది, కుడివైపు వేలితో తట్టి చూసుకుని, గుండ్రాయితో అంచు మీద ఒకటి రెండు దెబ్బలు వేసి తల ఊపితే గానీ మాస్టారు గొంతు విప్పేవారు కాదు. మాస్టారంటే ఆ భజన బృందానికి పెద్దాయన, రిటైరైన తెలుగు పండితులు. పెళ్ళిళ్ళలో సన్నాయి బాగుందో లేదో మావాళ్ళు బావగారి ముఖం చూసి తెలుసుకునేవాళ్ళు. ఆయన కళ్ళు మూసుకుంటే బాగున్నట్టు, పక్కవాళ్ళతో కబుర్లలో పడితే బాగోలేనట్టు.

నాకు ఆయనంటే ఇష్టమే. ఆ ఇష్టం కింద ఒక మంట కూడా ఉండేది. అక్కకి పెళ్ళయిన కొత్తలో నేను వయొలిన్ నేర్చుకుంటున్నాను. మా నాన్నగారు స్కూలు మాస్టారు. కొడుకు వయొలిన్ వాయిస్తుంటే చూడాలని ఆయన కోరిక. ఒక పూట కొత్తల్లుణ్ణి కూర్చోబెట్టి నాచేత వాయింపించి, "మీరు చెప్పండి, వీడికి వస్తుందంటారా?" అని అడిగారు. బావగారు మెల్లగా, "శ్రద్ధ ఉందండీ మామయ్యగారూ. శ్రుతి మాత్రం వాడికి వినబడటం లేదు. వినబడనివాణ్ణి కూర్చోబెట్టి బాధపెట్టడం ఎందుకండీ?" అన్నారు. ఎంత మెత్తగా అన్నారంటే, ఆ మాటకి మా నాన్నగారికి కోపం కూడా రాలేదు. వయొలిన్ పెట్టె అటక ఎక్కింది. ఆయన అన్నది నిజమని నాకు అప్పుడే తెలుసు. తెలుసు కాబట్టే ఆ మాట నాలో నలభై ఏళ్ళు అలాగే ఉండిపోయింది.

యాభై దాటాక నాకు మ్యూజిక్ సిస్టమ్ పిచ్చి పట్టింది. ఏలూరులో ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం, సొంత ఇల్లు, పిల్లల బాధ్యతలు తీరాయి. మంచి ఆంప్లీ, మంచి స్పీకర్లు కొన్నాను. వాయించడం రానివాడు కొనుక్కోవచ్చు కదా అనుకున్నాను, అప్పట్లో ఇంత సూటిగా అనుకోకపోయినా. ఆ రోజుల్లోనే ఆఫీసులో ఒకాయన పరిచయమయ్యారు. కలిదిండి వైపు చేపల చెరువులున్న మనిషి. ఆయనకీ ఇదే పిచ్చి, నాకన్నా ముదిరింది. ఒక సెలవురోజు పొద్దున్నే వాళ్ళింటికి రమ్మన్నారు.

రోడ్డుకి రెండు వైపులా చెరువులే. గట్ల మీద స్తంభాలు, స్తంభాల నుంచి నీళ్ళలోకి వైర్లు, నీళ్ళ మధ్య గాలి కలిపే ఏరియేటర్ల చక్రాలు తిరుగుతూ తెల్లగా నురగ చిమ్ముతున్నాయి. మేత బస్తాల వాసన ఇంట్లోకి కూడా వచ్చింది. ఆయన హాలు తలుపులు మూసి, కర్టెన్లు లాగి, నన్ను సోఫా మధ్యలో కూర్చోబెట్టి ఏదో వయొలిన్ పెట్టారు. బాగుంది. అంత పెద్ద స్పీకర్ల మీద ఏది పెట్టినా బాగానే ఉంటుంది.

"మొదట్లో ఇలా ఉండేది కాదండీ," అన్నారు. "వైరు మార్చాక ఇలా అయింది."

"స్పీకరు వైరాండీ?"

"కాదండీ, పవర్ కార్డు. గోడ ప్లగ్గులోంచి ఆంప్లీకి వెళ్ళేది."

"కరెంటు వైరులో ఏముంటుందండీ?"

ఆయన నా అమాయకత్వానికి జాలిపడ్డారు. "చెరువులో నీళ్ళు ఎలాంటివో చేప అలాంటిది. అవునా కాదాండీ? నీళ్ళు మురిగిపోతే చేప బురద వాసన కొడుతుంది. ఆంప్లీకి కరెంటే నీళ్ళు. మా లైను మీద ఎన్ని ఏరియేటర్లు తిరుగుతున్నాయో వస్తూ చూశారుగా. ఆ మురికంతా కరెంటులో కలిసే వస్తుందండీ. మంచి కార్డు వేశారనుకోండి, తూముకి వల కట్టినట్టే."

మా ప్రాంతంలో ఎవరికి ఏది నచ్చజెప్పాలన్నా నీళ్ళతో పోల్చి చెబితే చాలు. పుట్టినప్పటి నుంచీ కాలువ వంతులు, తూములు, చెరువుకి నీళ్ళు మార్చడాలు, ఇవే చూస్తూ పెరిగినవాళ్ళం. నీళ్ళకి నిజమైనది అన్నిటికీ నిజమే అనిపిస్తుంది. నేను డిగ్రీ చదివాను. ఫిజిక్సు పాసయ్యాను. అయినా ఆ తూము, ఆ వల కళ్ళకి కట్టేసరికి ఇంకో ప్రశ్న అడగలేదు. ఆయన ద్వారానే కార్డు తెప్పించుకున్నాను. దాని ధర ఇక్కడ రాయను. మా ఆవిడకి కూడా చెప్పలేదు.

అది బొటనవేలంత లావు. పైన అల్లిక తొడుగు, చివర గుప్పెట్లో పట్టనంత ప్లగ్గు. ప్లగ్గుకి లోహపు ఒళ్ళు.

"ఏవండీ, ఇదేంటి కొండచిలువలా?" అంది మా ఆవిడ.

"ఆంప్లీకి."

"పాతది కాలిపోయిందా?"

"లేదు."

"మరి?"

"చెప్పినా నీకు అర్థం కాదు."

"మీకు అర్థమైతే చాలు లెండి," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మొదటి పూట నాకు తేడా వినిపించింది. ఈ మాట నిజంగానే చెబుతున్నాను. గొంతు దగ్గరికి వచ్చినట్టు, తంబురా గదంతా నిండినట్టు అనిపించింది. కొన్నాళ్ళకి ఎవరూ లేనప్పుడు మళ్ళీ పాత కార్డు పెట్టి విన్నాను. గొంతు అక్కడే ఉంది. తంబురా అక్కడే ఉంది. కొత్తది పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. ఏమీ లేదు. ఎవరికీ చెప్పలేదు. పైగా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ కార్డు గురించి ఇంకా గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను.

ఒకసారి అక్కా బావగారూ వచ్చినప్పుడు ఆయనకీ చూపించాను. ఆయన చేతిలోకి తీసుకుని బరువు చూసి నవ్వారు.

"ఏమయ్యా, గోదావరి నీళ్ళు కాలువలో అంత దూరం వచ్చి, ట్యాంకెక్కి, ఊళ్ళో గొట్టాలన్నీ తిరిగి మీ కుళాయిలోకి వస్తున్నాయి. కుళాయి మూతికి మూరెడు వెండి గొట్టం తగిలిస్తే నీళ్ళు తియ్యబడతాయా?"

అందరూ నవ్వారు. అందరికన్నా ఎక్కువ మా ఆవిడ నవ్వింది. ఆయన కూడా నీళ్ళతోనే చెప్పారని, ఆయన నీళ్ళే సరైనవని నాకు తోచింది. తోచగానే నోటికి అందిన రాయి విసిరాను.

"మిల్లు చప్పుడులో అన్నేళ్ళు కూర్చున్న చెవులు కదా బావగారూ. మీకు తెలియదులెండి."

ఆయన నవ్వు కొంచెం ఆలస్యంగా ముగిసింది. మిల్లులో ఆయన గది పాలిష్ మిషన్ల పక్కనే ఉండేది. ఆయనకి ఆ భయం ఎప్పటినుంచో ఉందని నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ మాట అనేవాణ్ణి కాదని ఇప్పుడు అనుకోవడం తేలికే.

"సరే, పరీక్ష పెట్టు," అన్నారు ఆయన. "నేనే ఓడిపోతే ఒప్పుకుంటాను."

ఆ ఆదివారం తాడేపల్లిగూడెం నుంచి బావగారు, మాస్టారు, భజనవాళ్ళు ఇంకో ఇద్దరు వచ్చారు. చెరువుల ఆయన మేం చేపలు తినం కాబట్టి మామిడిపళ్ళ బుట్ట పట్టుకొచ్చారు. రెండు స్పీకర్ల మధ్య చిన్న బల్ల మీద ఆంప్లీ. దాని ముందు తాడు కట్టి దుప్పటి వేలాడదీశాం. చెరువుల ఆయన దుప్పటి వెనక రెండు కార్డులతో కూర్చున్నారు. ఏ కార్డు పెట్టాలో ఆయన ఇష్టం. ప్రతిసారీ ఉన్నది పీకేసి, రెండు కార్డులూ చేతిలోకి తీసుకుని, ఒకటి పెట్టి రెండోది కింద పెట్టి, ఒకే వయొలిన్ కచేరీ ముక్క వినిపించాలి. మాస్టారు దుప్పటి పక్కన నిలబడి సాక్షి. వినేవాడు ఇవతల కుర్చీలో కూర్చుని, ఇప్పుడున్నది పాతదో కొత్తదో చెప్పాలి.

ముందు నేను కూర్చున్నాను. మొదటిసారి నాకు ఏమీ తెలియలేదు. నోటికొచ్చింది చెప్పాను, అది కుదిరింది. రెండోసారి దుప్పటి వెనక నుంచి దబ్బుమని చప్పుడైంది. పాట మొదలయ్యాక గానీ అదేమిటో నాకు తట్టలేదు. కొత్త కార్డు ప్లగ్గు అంత బరువైనది కదా, చెరువుల ఆయన దాన్ని మొజాయిక్ గచ్చు మీద పెడుతున్నప్పుడు అయిన చప్పుడు అది. పాత కార్డుది ప్లాస్టిక్ ప్లగ్గు, పెట్టినా పడేసినా వినబడదు. చప్పుడైతే కొత్తది కిందికి వచ్చింది, పాతది మోగుతోంది. చప్పుడు కాకపోతే కొత్తది మోగుతోంది.

నేను దాని కోసం వెతకలేదు. చెవిన పడింది. ఆ క్షణంలో, "ఏవండీ, కింద ఒక తువ్వాలు వేసుకోండి, చప్పుడు వినబడుతోంది," అంటే సరిపోయేది. అనలేదు. కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకి వాల్చి, వింటున్నట్టు కూర్చున్నాను.

"ఇది పాతది. వయొలిన్ పలచబడింది చూడండి. తంబురా వెనక్కి వెళ్ళిపోయింది."

"అబ్బో!" అన్నారు మాస్టారు.

ఆ తరువాత ఒక్కటి కూడా తప్పలేదు. ప్రతిసారీ ఏదో ఒక వర్ణన చేర్చాను. విల్లు తీగ మీద ఆనడం వినబడుతోందన్నాను. మృదంగం ఎడమవైపు బరువు తగ్గిందన్నాను. మాస్టారు ప్రతి జవాబుకీ తొడ మీద చరుచుకుంటూ, "శభాష్, శభాష్!" అంటున్నారు. నా పదో ఏట మా నాన్నగారి ముందు దొరకని శభాష్ అది.

తరువాత బావగారు కూర్చున్నారు. ఆయన కుర్చీ వద్దని చాప మీద మఠం వేసుకుని కూర్చున్నారు. కొత్త కార్డు కింద పెట్టినప్పుడల్లా అదే చప్పుడు అయింది. గదిలో వేరే ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ప్రతిసారీ ఆయన చివరిదాకా విని, ఒకే మాట అన్నారు.

"నాకు తేడా లేదండీ."

"ఏదో ఒకటి చెప్పండి, సగం సార్లు కుదురుతుంది," అన్నారు భజన ఆయన ఒకరు.

"తెలియనిదాన్ని ఎలా చెప్పనండీ?" అన్నారు. మళ్ళీ ఆయనే, "ఇందులో ఆ మృదంగం ఆయన కుడివైపు శ్రుతి మధ్యలో కొద్దిగా దిగింది, విన్నారా? కీర్తన అయ్యేలోపే వాయిస్తూనే సర్దుకున్నాడు. గొప్ప చెయ్యి," అన్నారు.

ఎవరూ వినలేదు. ఆ మాటనే ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు ఆ గదిలో నిజంగా సంగీతం విన్నది ఆయన ఒక్కరే అనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కానీ మేం పరీక్ష పెట్టింది దానికి కాదు.

చెరువుల ఆయన దుప్పటి పక్కకి తీసి, "ఇంత స్పష్టంగా ఉంటేను, గురువుగారూ!" అన్నారు.

మాస్టారు చాలా మర్యాదగా, "మిల్లులో చెవులు కాస్త మందగించినట్టున్నాయండీ మన మృదంగం గారికి. వయసు కూడా వచ్చింది కదండీ, ఏముందిలెండి," అన్నారు. మా గోదావరి మర్యాదతో అన్న మాటలకి ఎదురు చెప్పడానికి చోటు ఉండదు. బావగారు నవ్వి ఊరుకున్నారు.

భోజనాలయ్యాక పెరట్లో చేతులు కడుక్కుంటూ ఆయన నా పక్కకి వచ్చారు.

"నీకు నిజంగా తెలిసిందటయ్యా?"

"తెలిసింది బావగారూ."

"తంబురా వెనక్కి వెళ్ళడం కూడా?"

"ఆ."

ఆయన చేతులు తుడుచుకున్నారు. "అయితే నావే పోయాయన్నమాట," అన్నారు.

అసలు అబద్ధం ఇది. అంతకుముందు జరిగింది ఆట అని సర్దుకోవచ్చు. ఇది ఒక మనిషి ఎదురుగా నిలబడి అడిగినప్పుడు చెప్పింది. నేను ఇంకా ఒకడుగు ముందుకు వేసి, "వయసుతో అందరికీ వచ్చేదేనండీ," అన్నాను. ఓదార్చాను కూడా.

తరువాత జరిగింది నాకు అక్క ఫోన్లలో ముక్కలు ముక్కలుగా తెలిసింది. మాస్టారు ఆ కథని భజనలో సరదాగా చెప్పారట. అందరూ నవ్వారట, బావగారు కూడా. ఆ పై శనివారం ఆయన మృదంగం శ్రుతి చేసి, తల ఊపబోయి ఆగి, హార్మోనియం ఆయన్ని, "సరిపోయిందంటారా?" అని అడిగారట. అన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. ఆయన సరిపోయిందనే అన్నాడు. బావగారికి నమ్మకం కుదరలేదు. మళ్ళీ బిగించారు, మళ్ళీ దించారు. మాస్టారు అలా కూర్చుని ఎదురుచూస్తున్నారు. ఇలా కొన్ని వారాలు నడిచాక ఎవరో విసుక్కున్నారు. ఆ తరువాత ఆయన వెళ్ళడం మానేశారు.

"ఒరేయ్ తమ్ముడూ, మీ బావగారు ఫోను కూడా ఎత్తడం లేదురా," అంది అక్క. "వినబడదట. నేను వంటింట్లో గ్లాసు జారవిడిస్తే హాల్లోంచి ఏమిటని అడుగుతారు. మళ్ళీ వినబడదంటారు. ఎదురుగా మాట్లాడుతుంటే ఆఁ అని చెయ్యి చెవికి పెట్టుకుంటారు. నాకేం అర్థం కావడం లేదు. నువ్వు చెబితే వింటారు, ఏలూరు తీసుకెళ్ళి చెవి డాక్టరుకి చూపించు. మిషను పెట్టిస్తే మళ్ళీ మనుషుల్లో పడతారేమో."

నేను చెబితే వింటారు. నిజమే. ఆయన నా మాట విన్నట్టు ఎవరి మాటా వినలేదు.

ఏలూరులో ఒక చెవి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినబడినప్పుడల్లా బటను నొక్కమన్నారు. బావగారు కళ్ళు మూసుకుని నొక్కుతూనే ఉన్నారు. అద్దంలోంచి చూస్తున్న నాకు ఆయన వేలు తప్ప ఏమీ కనబడలేదు. ఆ వేలు ఆగలేదు.

"చాలా బాగున్నాయండీ," అన్నారు డాక్టరమ్మ. "మిల్లులో పని చేశానంటున్నారు, నిజానికి ఇంకా తగ్గి ఉండాలి. మీకు మిషనెందుకండీ?"

"మీ యంత్రానికి సన్న తేడాలు తెలియవమ్మా," అన్నారు బావగారు, చాలా మర్యాదగా. "మా బావమరిదికి తంబురా వెనక్కి వెళ్ళడం కూడా వినబడుతుంది. నాకు వినబడలేదు. ఒకటి కూడా తప్పకుండా చెప్పాడు, అందరూ చూశారు."

ఆవిడ నవ్వి నా వైపు తిరిగింది. "అంత గొప్ప చెవులాండీ మీవి? రండి, మీకూ ఒకసారి చూద్దాం."

"వద్దండీ," అన్నాను. గోడ మీద చెవి లోపలి బొమ్మ ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. అక్కడ చెప్పి ఉంటే డాక్టరు కూడా నా వైపు ఉండేది, ఆయన అక్కడికక్కడే నమ్మేవారు. దారిలో బస్టాండు దగ్గర చెరుకురసం తాగుతూ కూడా చెప్పలేదు. "డాక్టర్లు అలాగే అంటారు, మనసు కష్టపెట్టకూడదని," అన్నారు బావగారు. నేను గ్లాసు ఖాళీ చేశాను.

చివరికి చెప్పేలా చేసింది నా మంచితనమేమీ కాదు. కామవరపుకోట వైపు ఏదో గుళ్ళో భజన మొదలుపెట్టారని, వాళ్ళకి బావగారు తన మృదంగం ఇచ్చేశారని అక్క ఫోనులో ఏడ్చింది. అడిగినది వాళ్ళు కాదని, ఈయనే కబురు పెట్టి పిలిపించి ఇచ్చారని కూడా చెప్పింది. నేను ఆఫీసుకి సెలవు పెట్టి తాడేపల్లిగూడెం వెళ్ళాను.

అక్క కూడా ఉన్నప్పుడే చెప్పాను. గచ్చు మీద చప్పుడు గురించి, తువ్వాలు వేసుకోమని అనకపోవడం గురించి, పెరట్లో చెప్పిన అబద్ధం గురించి. కార్డుతో నాకూ ఏ తేడా తెలియలేదని, ఆ సంగతి పరీక్షకి ముందే నాకు తెలుసని చెప్పాను. చెయ్యి చెవికి పెట్టుకోకుండా ఆయన నా మాటలు మొత్తం విన్నారు.

"ఆ చప్పుడు నాకూ వినబడింది," అన్నారు.

నేను తలెత్తి ఆయన వైపు చూశాను.

"ప్రతిసారీ వినబడింది. అది సంగీతం కాదు కదా అని వదిలేశాను. అది చూసి చెబితే ఇంక పరీక్ష ఏముంది?" అన్నారు. "నువ్వు కూడా వదిలేసే ఉంటావనుకున్నాను. అందుకే, ఆ చప్పుడు లేకుండా వీడు ఇంత సరిగ్గా చెబుతున్నాడంటే నా చెవులు పోయాయి కాబోలు అనుకున్నాను."

అక్క లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన నన్ను తిట్టి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదేమో. తిట్టలేదు. "ఇప్పుడు చెప్పి ఏం లాభమయ్యా? చేతులు పట్టు తప్పాయి," అన్నారు. కొంతసేపటికి, "మాస్టారికి చెప్పావా?" అని అడిగారు.

"లేదండీ."

"ఇవాళ శనివారమే. వెళ్ళి చెప్పు."

వెళ్ళాను. భజన ఇంకా మొదలు కాలేదు. మృదంగం ఉండే చోట స్టాండు మీద ఎలక్ట్రానిక్ రిథమ్ ప్యాడు ఉంది. పెదపాడు నుంచి వచ్చిన ఒకాయన రెండు పుల్లలతో దాన్ని పరీక్షిస్తున్నాడు. మాస్టారు నన్ను ఆప్యాయంగా కూర్చోబెట్టారు. అందరూ వినేలా చెప్పాను. ఆ రోజు నేను మోసం చేశానని, బావగారి చెవులు నిక్షేపంగా ఉన్నాయని, డాక్టరు కూడా అదే చెప్పిందని.

మాస్టారు నవ్వారు. "అదా అండీ! ఎప్పటి మాట! సరదాకి చేసుకున్న పరీక్ష, దానికింత బాధపడతారేంటండీ?"

"సరదా కాదండీ మాస్టారూ. ఆయన దాని వల్లే మానేశారు."

"లేదులెండి, ఆయనే కాస్త విశ్రాంతి కావాలనుకున్నారు. బావగారి మీద అభిమానంతో మీరు ఇలా నెత్తిన వేసుకుంటున్నారు. మీ మంచితనమండీ అది." పక్కవాళ్ళు తలలు ఊపారు. "ఆయన్ని ఎప్పుడైనా వచ్చి కూర్చోమనండి. ప్రసాదం తీసుకుని వెళతారు."

ఇంకోసారి చెప్పాను. ఇంకా గట్టిగా చెప్పాను. ఎంత చెబితే అంత మంచివాణ్ణయ్యాను. నేను కార్డు గురించి చెప్పిన అబద్ధాన్ని వాళ్ళు ఒక్క మాటకి నమ్మారు. ఈ నిజాన్ని బతిమాలినా నమ్మలేదు. అందుకే ఇది అచ్చులో ఉండాలని రాస్తున్నాను. భజన మొదలైంది. లేచి రావడం బాగోదని కాసేపు కూర్చుని వచ్చేశాను.

బావగారు వరండాలో ఉన్నారు.

"ఏమన్నారు?"

ఈసారి ఏదీ మార్చలేదు. నమ్మలేదని, నవ్వారని, ఎప్పుడైనా వచ్చి కూర్చోమన్నారని చెప్పాను.

"వాయించడానికా, కూర్చోడానికా?"

"కూర్చోడానికేనండీ."

"ఎవరు వాయిస్తున్నారు?"

"పెదపాడు ఆయనట. ప్యాడు."

"ప్యాడు అయితే హాయి. శ్రుతి చేసుకునే పని లేదు," అన్నారు. వీధిలోకి చూస్తూ, "మాస్టారిది పల్చటి గొంతు. దాని కింద ఆ ప్యాడు ఆనుతోందా, మింగేస్తోందా?" అని అడిగారు.

ఆయన నిజంగా తెలుసుకోవాలని అడిగారు. అంతకాలం ఆ గొంతు కింద ఆనింది ఆయన చెయ్యే.

"నాకు తెలియలేదు బావగారూ," అన్నాను.

లోపల కంచాలు పెడుతున్న చప్పుడు వినిపించింది. ఆయనకీ వినిపించింది, లేచి లోపలికి వెళ్ళారు. అక్క నన్ను పిలవలేదు. భోజనం వేళకి ఆ ఇంట్లో ఉండి, కాళ్ళు కడుక్కోమన్న మాట వినకపోవడం నాకు అదే మొదటిసారి. కొంచెంసేపు వరండాలో నిలబడి, గేటు దగ్గరగా వేసి, ఏలూరు బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చేశాను.